రింగ్‌టోన్‌లాగే ఉండనీ

మా మేనల్లుడు గుంటూరులో కీబోర్డ్ వాయిస్తాడు. ఆదివారం పొద్దున చర్చిలో, ముహూర్తాలున్న రోజుల్లో పెళ్ళి రిసెప్షన్ల దగ్గర. పోయిన నెల ఏదో పని మీద బెజవాడ వచ్చి రాత్రికి మా ఇంట్లో ఉన్నాడు. అన్నాలయ్యాక వాణ్ణి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, మూడు నెలలుగా రాసుకుంటున్న మిడి ఫైల్ ఒకటి వినిపించాను. మిడి అంటే శబ్దం కాదు, ఏ మీట ఎప్పుడు ఎంత బలంగా నొక్కాలో కంప్యూటర్‌కి చెప్పే రాత. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ జెనెసిస్ వాళ్ళ ‘ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్’, 1973 నాటిది. నలభై సెకన్లు విన్నాడు. స్పీకర్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

“ఏమీ అనుకోకు మావయ్యా. పాత ఫోన్ రింగ్‌టోన్‌లా ఉంది.”

నవ్వేశాను. కానీ పడుకున్నాక ఆ మాట వదల్లేదు. లేచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్ళీ విన్నాను. వాడన్నది నిజమే, రింగ్‌టోన్‌లాగే ఉంది. తెల్లారేసరికి మాత్రం నాకు ఇంకో సంగతి ఖాయమైంది. ఇంట్లో కూర్చుని ఇలాంటి పాటల్ని మిడిలోకి రాసుకునేవాడికి టోన్, అంటే వాయిద్యం గొంతు, బాగుండాల్సిన అవసరం లేదు. ఇంకా చెప్పాలంటే, బాగుండకపోవడమే మేలు. వాడితో ఆ రాత్రి వాదించలేకపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను.

మిమిక్రీ మోజు

టోన్ల జోలికి పోకుండా మడికట్టుకుని కూర్చున్నవాణ్ణేం కాదు నేను. మూడేళ్ళ క్రితం నాకూ ఆ పిచ్చి పట్టింది. ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పుకునేవాణ్ణి, ఒక నెల జీతంలో సగం పోసి పియానో శాంపిల్స్, డ్రమ్స్ శాంపిల్స్, అంటే నిజం వాయిద్యాల్ని రికార్డు చేసిన ముక్కలు, కొన్నాను. డౌన్‌లోడ్ అవడానికే రెండు రాత్రులు పట్టింది. మధ్యలో కరెంటు పోయి మళ్ళీ మొదటికి వచ్చింది కూడా.

పెట్టి విన్నాను. అబ్బ, ఎంత బాగుందో! ఒక వారం అలా విన్నాను. రెండో వారం నుంచి నాకు పాట వినపడటం మానేసింది. అసలు రికార్డుకి ఎక్కడ తేడా కొడుతోందో అదొక్కటే వినపడుతోంది. ఇక్కడ స్నేర్ కొంచెం పొడిగా ఉండాలి, అక్కడ ఆర్గన్ ఇంకొంచెం గరగరలాడాలి అనుకుంటూ నెలంతా నాబ్‌లు తిప్పుతూ గడిచిపోయింది. ఆ నెలలో ఒక్క కొత్త నోటు రాయలేదు.

మిమిక్రీ చూసేటప్పుడు మనం చేసేది ఇదే. గొంతు కలిసిందా లేదా అని చెవులు రిక్కిస్తాం. కలిస్తే చప్పట్లు. ఆయన ఏం మాట్లాడాడో ఇంటికొచ్చాక ఒక్క ముక్కా గుర్తుండదు. మంచి శాంపిల్స్ పెట్టిన నా ఫైళ్ళు అలా మిమిక్రీ ఫైళ్ళయ్యాయి. అది కూడా రెండో రకం మిమిక్రీ. అసలైనది చేతిలోని ఫోన్‌లోనే ఉండగా ఎవరికి కావాలి?

120 టిక్కుల కథ

‘ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్’ మొదట్లో ఆ బ్యాండ్ కీబోర్డ్ మనిషి టోనీ బ్యాంక్స్ ఒక్కడే పియానో వాయిస్తాడు. వినడానికి ఏటిలా సాగిపోతుంది. లెక్కపెడదామని కూర్చుంటే తెలుస్తుంది అసలు సంగతి. ఒక బార్, అంటే తాళం ఒక చుట్టు, 13/16, ఇంకోటి 15/16, మధ్యమధ్య 2/4. అంటే పదహారో వంతు నోట్లు ఒకచోట పదమూడు, ఒకచోట పదిహేను. చెవికి మాత్రం ఎక్కడా కుంటినట్టుండదు.

నేను నోట్లు రాసుకునే సాఫ్ట్‌వేర్‌లో, అంటే సీక్వెన్సర్‌లో, ఒక బీటుకి 480 టిక్కులు. బీటులో పావు వంతైన పదహారో వంతు నోటుకి 120. పదమూడు నోట్ల బార్ అంటే 1560 టిక్కులు. మొదటిసారి రాసినప్పుడు కుడిచెయ్యి నెమ్మదిగా వింటూ సరిగ్గానే రాశాను. ఎడమచేతి దగ్గరికి వచ్చేసరికి బద్ధకించి, ఒక ముక్క రాసి కాపీ చేసుకుంటూ పోయాను. ఆ ముక్కలో పన్నెండే నోట్లున్నాయి, 1440 టిక్కులు. అలాంటి చోటు వచ్చినప్పుడల్లా ఎడమచెయ్యి 120 టిక్కులు ముందుకి జరుగుతోంది. నాలుగు చోట్లయ్యేసరికి నిండుగా ఒక బీటు.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. ఆ తప్పు నాకు మూడు వారాలు తెలియలేదు. అప్పుడు వాడుతున్నది ఆ కొన్న పియానో. నిండైన గ్రాండ్ పియానో, దానికి పెడల్, దాని మీద పెద్ద హాల్లో వాయిస్తున్నట్టు రివర్బ్. ఒక నోటు తోక ఇంకో నోటు మీద పడి అంతా కలిసిపోయి, తప్పు కూడా అందంగానే వినపడింది. ఇదేదో కాస్త కొత్తగా ఉందే అని మురిసిపోయాను కూడా. ఒకరోజు లాప్‌టాప్‌లో ఆ కొన్న శాంపిల్స్ తెరుచుకోక, కంప్యూటర్‌తో పాటు వచ్చిన మామూలు పియానో టోన్‌తో, అంటే జనరల్ మిడి అనే వాయిద్యాల పట్టికలో ఒకటో నంబరుతో, ప్లే చేశాను. డబ్బా మీద కొట్టినట్టుంది. కానీ రెండో చోటుకే చేతులు రెండూ తగువు పడ్డట్టు వినపడింది. అయిదు నిమిషాల్లో దొరికింది తప్పు.

క్లాసులో పిల్లలకి రోజూ చెప్తుంటాను, రఫ్ వర్క్ పెన్సిల్‌తో చెయ్యండి, రంగుల పెన్నులొద్దు అని. ఆ మాట నాకు నేను ఎప్పుడూ చెప్పుకోలేదు.

టీచరుగారి కుట్టుమిషన్

మా పక్క వాటాలో వీణ నేర్పే టీచరుగారుంటారు. సత్యనారాయణపురం వాటాల సంగతి తెలిసిందే కదా, గోడకి అటు దగ్గితే ఇటు వినపడుతుంది. పాత రైలు కట్ట ఉన్న రోజుల్లో బండి చప్పుడులో అన్నీ కలిసిపోయేవి. ఇప్పుడక్కడ బీఆర్‌టీఎస్ రోడ్డు, రాత్రి పదకొండు దాటితే నిశ్శబ్దం. ఒకరోజు ఆవిడ మెట్ల దగ్గర ఆపి అడిగారు.

“మాస్టారూ, అమ్మాయి రాత్రిళ్ళు మిషన్ కుడుతోందా?”

మా ఇంట్లో మిషన్ లేదు. నా పియానో అది.

సిగ్గేసింది, ముందు టోన్ని తిట్టుకున్నాను. తర్వాత ఫైల్ తెరిచి చూస్తే, టోన్ పాపమేం లేదు. ప్రతి నోటూ క్వాంటైజ్ చేసి, అంటే ముందూ వెనకా లేకుండా సరిగ్గా గళ్ళ గీతల మీద కూర్చోబెట్టాను. ప్రతి నోటుకీ వెలాసిటీ, అంటే మీట నొక్కిన బలం, 100. అన్నీ ఒకే బరువు, ఒకే దూరం. కుట్టుమిషన్ కాక ఇంకేమవుతుంది? అదే డబ్బా టోన్‌ని ఉంచి, రెండు వారాలు నోటు తర్వాత నోటు వెలాసిటీ మార్చాను. రాగం మోసే నోటుకి 96, దాని కింద ఊరికే కదిలే నోట్లకి 50, 58, 54. కొన్నింటిని గీత మీద నుంచి అయిదారు టిక్కులు వెనక్కి లాగాను. తర్వాతి నెల ఆవిడ మళ్ళీ కనిపించి, “మిషన్ అమ్మేశారా?” అన్నారు. నాకొచ్చిన మెచ్చుకోళ్ళలో అంతకంటే గొప్పది లేదు.

కాబట్టి నా మాటని సరిచేసుకుని చెప్తాను. టోన్ వేరు, వేళ్ళ బరువు వేరు. మిడి మొదటిదాన్ని వదిలేసి రెండోదాన్ని పట్టుకుంటుంది. 1983లో దీన్ని ఖరారు చేసినవాళ్ళు, ముఖ్యంగా డేవ్ స్మిత్, రోలాండ్ కంపెనీ పెట్టిన ఇకుతారో కాకెహాషి, తీగలో పంపాలనుకున్నది శబ్దాన్ని కాదు. ఏ మీట, ఎప్పుడు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్నది మాత్రమే. ఫలానా నంబరుకి ఫలానా వాయిద్యం అన్న జనరల్ మిడి పట్టిక వచ్చింది 1991లో. తొమ్మిదిన్నర నిమిషాల పాట నా దగ్గర వంద కేబీ కూడా లేదు. అందులో చేతులున్నాయి. గొంతు లేదు.

పుస్తకం కచేరీ చేస్తుందా?

ఆ టీచరుగారింట్లోనే ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ చూశాను. సుబ్బరామ దీక్షితులు గారు ఎట్టయపురంలో 1904లో తెలుగులో అచ్చు వేయించిన పుస్తకం. స్వరాల మీద చిన్న చిన్న గుర్తులుంటాయి, ఏ గమకానికి ఏ గుర్తో. ఆ పుస్తకం తెరిచి ఎవరూ ‘ఇది కచేరీలా లేదే’ అనరు. అది స్వరలిపి. చూసి నేర్చుకునేవాడికి దారి చూపిస్తుంది, రాసినవాడు ఎంత జాగ్రత్తగా విన్నాడో చూపిస్తుంది. నా ఫైళ్ళని నేను ఆ వరుసలో పెట్టుకుంటాను. ఆయన పక్కన నా పేరు చెప్పుకోవడం కాదు, పని జాతి గురించి అంటున్నాను. స్వరలిపి నుంచి తేడా ఒక్కటే. ఇది తనంతట తాను మోగుతుంది కాబట్టి తప్పు రాస్తే వెంటనే చెవికి గుచ్చుకుంటుంది. నాలాగా ఏ వాయిద్యమూ చేతకానివాడికి అదే పెద్ద వరం.

గమకం గుర్తు లాంటిది మిడిలోనూ ఉంది. పిచ్ బెండ్, స్వరాన్ని పైకీ కిందికీ వంచేది. 0 నుంచి 16383 దాకా విలువలు, మధ్యలో 8192 అంటే కదలిక లేనట్టు. మామూలుగా పైకి రెండు అర్ధస్వరాలు, కిందికి రెండు. ఎమర్సన్ లేక్ అండ్ పామర్ బ్యాండ్ 1970 నాటి ‘లక్కీ మ్యాన్’ చివర కీత్ ఎమర్సన్ మోగ్ సింథసైజర్ మీద స్వరం నుంచి స్వరానికి జారుకుంటూ పోతాడు. దానికి రెండు చాలవు. పరిధిని పన్నెండుకి పెంచి, కింది నుంచి పైకి తిన్నగా గీత గీశాను. అంబులెన్స్ వెళ్ళినట్టుంది. టీచరుగారికి వినిపిస్తే ఒక్క నిమిషంలో తేల్చేశారు. “ఇది జారు కదండీ. బయల్దేరిన చోటూ చేరిన చోటూ తెలిస్తే చాలదు. బయల్దేరేముందు ఎంతసేపు కూర్చుందో చూడండి.” గీతని ఒంపు చేశాను. మొదట ఆలస్యం, చివర తొందర. టోన్ మాత్రం అదే, ఈల వేసే ప్రెజర్ కుక్కర్ టోన్.

నా మెడకి చుట్టుకున్నవి

ఇంతదాకా చదివి తలాడిస్తున్నవాళ్ళు కాస్త ఆగండి. నా వాదనకి నిలవని పాటలున్నాయి, అవీ నాకిష్టమైనవే.

కింగ్ క్రిమ్సన్ 1969లో తెచ్చిన మొదటి ఆల్బమ్ తీసుకోండి. అందులో ఆకాశమంతా పరుచుకున్నట్టు వినపడే తంత్రుల మోత మెలోట్రాన్‌ది. మీట మీటకీ ఒక టేపు ముక్క, ఆ టేపులో నిజం వాయిద్యకారులు వాయించిన ఒక్కో స్వరం. మీట నొక్కితే టేపు కదులుతుంది, ఎనిమిది సెకన్లకి అయిపోతుంది, వదిలితే స్ప్రింగ్ వెనక్కి లాగేస్తుంది. దాని బదులు నేను పెట్టుకునేది 49వ నంబరు, స్ట్రింగ్స్. శుభ్రంగా, వణుకు లేకుండా, ఎంతసేపు నొక్కితే అంతసేపు మోగుతుంది. అది వింటే ఆ పాట చచ్చిపోతుంది. టోన్ అక్కడ పైపూత కాదు, పాటలో సగం అదే.

ఇంకో తమాషా ఏంటంటే, నేను ఒకచోట ఒక స్వరాన్ని పధ్నాలుగు సెకన్లు పట్టి ఉంచాను. అసలు యంత్రం మీద అది కుదిరే పనే కాదు. ఎనిమిది సెకన్లలో వేలు ఎత్తాలి, లేదా స్వరం మారాలి. ఆ సంగీతం అలా ఊపిరి తీస్తున్నట్టు ఉండటానికి ఆ టేపు పొడవు కూడా ఒక కారణం. అప్పటి నుంచి నాకో నియమం పెట్టుకున్నాను. మెలోట్రాన్ ట్రాక్‌లో ఏ నోటూ ఎనిమిది సెకన్లు దాటకూడదు. నిమిషానికి 60 బీట్ల నడకైతే 3840 టిక్కులు. టోన్ దొరక్కపోయినా ఆ యంత్రం అవస్థని రాయొచ్చు కదా అని. సగం సమాధానమే, ఒప్పుకుంటాను.

పింక్ ఫ్లాయిడ్ ‘మనీ’ దగ్గర ఇంకా గట్టి దెబ్బ తగిలింది, అదీ రెండు వైపుల నుంచి. ఏడు బీట్ల పాట. ఏడంటే మన మిశ్రచాపు తాళమే కదా అని తకిట తకధిమి వేసుకుంటూ రాశాను. కూర్చోలేదు. పరుగెత్తే మిశ్రచాపు కాదది. నింపాదిగా నడిచే ఏడు బీట్లు, ఒక్కో బీటు లోపల మూడుగా విరిగే ఊపు. తిశ్ర నడక అనుకోండి. నేను రెండేసిగా విరిచి రాసిన బేస్, కాలు బెణికినవాడి నడకలా వచ్చింది. మనకి తాళాలు తెలుసు కాబట్టి వీళ్ళ లెక్కలు మనకి మంచినీళ్ళ ప్రాయం అని ఎవరైనా అంటే నేనిప్పుడు నోరు మూసుకుని వింటాను. గిటార్ సోలో దగ్గర అదే పాట నాలుగు బీట్లకి మారిపోవడం నాకు మొదటిసారి తెలిసింది కూడా బార్లు తెగక తల పట్టుకున్నప్పుడే. పాతికేళ్ళుగా వింటున్న పాట అది. కాలేజీ రోజుల నాటి డబ్బింగ్ క్యాసెట్, రెండో వైపు తెరవగానే చిల్లర గలగల.

ఆ చిల్లర గలగలే రెండో దెబ్బ. నాణేలు, చింపిన కాగితం, క్యాష్ రిజిస్టర్, ఇలా ఏడు చప్పుళ్ళు. ఆ బ్యాండ్‌లోని రోజర్ వాటర్స్ వాళ్ళు టేపుని స్కేలుతో కొలిచి, సమానంగా ముక్కలు కోసి, అంటించి, చుట్టగా తిప్పారు. క్వాంటైజ్ అంటే యంత్రం పని, మనిషి చేతికి ద్రోహం అని కుట్టుమిషన్ సంగతి చెప్తూ నేనే అన్నట్టు అన్నాను. మరి డెబ్భైల మొదట్లోనే టేపు కోసి క్వాంటైజ్ చేసినవాళ్ళని ఏమనాలి? ఆ ఏడు చప్పుళ్ళని మాత్రం గీత మీంచి ఒక్క టిక్కు కూడా జరపలేదు నేను. వాటి బదులు డ్రమ్ ఛానల్లో ఉన్న గంటలూ చప్పట్లూ పెట్టాను. చాలా దారుణంగా ఉంది.

రెండు నిమిషాల పని

మేనల్లుడు అన్న రెండో మాట ఇంకా చెప్పలేదు. “ఇప్పుడు పాట పడేస్తే మిడి చేసి ఇచ్చేవి ఉన్నాయి మావయ్యా. రెండు నిమిషాలు. మూడు నెలలు ఎందుకు?”

వాడి ఎదురుగానే ‘మనీ’ పడేశాం. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. వచ్చినదాన్ని పియానో రోల్‌లో, అంటే నోట్లని గీతలుగా చూపించే తెరలో, తెరిస్తే చీమల పుట్ట కదిపినట్టుంది. సింబల్ మోతని కూడా నోట్లనుకుని రాసేసింది. ఏడు బీట్ల పాటని నాలుగేసి బీట్ల బార్లలో పోసింది. సమం, అంటే తాళం మొదటి దెబ్బ, ఎక్కడుందో దానికి పట్టలేదు. నాకు లోలోపల సంతోషమేసింది, దాచుకోలేదు.

అయితే బేస్ ట్రాక్ ఒక్కటీ విడిగా విన్నాక సంతోషం కాస్త తగ్గింది. చాలా శుభ్రంగా ఉంది. పైగా నేను రెండేళ్ళుగా తప్పు రాసుకున్న ఒక స్వరం అందులో సరిగ్గా ఉంది. నా చెవి తప్పు, యంత్రం ఒప్పు. మార్చుకున్నాను. ఆ ఒక్క నోటు ఇప్పటికీ ఆ ఫైల్లో అద్దె ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది నాకు. మిగతా వాటిలో ప్రతిదీ ఎక్కడ ఎన్నిసార్లు విని రాశానో చెప్పగలను, దాని గురించి చెప్పలేను. రెండు నిమిషాల ఫైల్ ఎవరికైనా వినిపించాలనుకునేవాడికి పనికొస్తుందేమో. నేను మేనల్లుడికీ టీచరుగారికీ తప్ప ఎవరికీ వినిపించను, పంచను కూడా. స్వర రచన మీద హక్కు మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ళు ఉంటుంది, వీళ్ళలో చాలామంది నిక్షేపంగా ఉన్నారు. ఇంట్లో రాసుకుని ఇంట్లో వినే పనికి తొందరెందుకు?

మేనల్లుడి వైపు కూడా చెప్పాలి. “పెళ్ళిలో సన్నాయి బిట్‌కి సన్నాయి టోన్ పడకపోతే, మొదటి వరసలో కూర్చున్న పెద్దాయన మొహంలోనే తెలిసిపోద్ది” అన్నాడు. నిజమే. వాడి అన్నం టోన్లలో ఉంది. పాట మొదలైన రెండో సెకనులో జనం గుర్తుపట్టాలి, దానికి టోనే కావాలి. వాడి కీబోర్డ్‌లో ఏ టోన్ ఎన్నో నంబరో చీకట్లో కూడా చెప్తాడు. నా దగ్గర గుర్తుపట్టాల్సిన జనం లేరు.

పొద్దున బస్సుకి వెళ్ళేముందు వాడే అడిగాడు, ఆ రింగ్‌టోన్ పాట ఇంకోసారి పెట్టమని. ఆ పాటలో మొదట వేణువు మీద వచ్చే రాగాన్నే చాలాసేపటి తర్వాత స్టీవ్ హాకెట్ గిటార్ సాగదీసి వాయిస్తుంది. నేను వేణువు ట్రాక్ నోట్లనే గిటార్ ఛానల్లోకి కాపీ చేసి పొడవులు పెంచి పెట్టాను. బెండ్లు కుదరక అలాగే వదిలేశాను. అది వినగానే వాడు సంచీ కింద పెట్టి, బల్ల మీది నా చిన్న కీబోర్డ్ దగ్గరికి లాక్కున్నాడు. “రికార్డ్ నొక్కు” అన్నాడు. కుడిచేత్తో నోట్లు, ఎడమచేతి బొటనవేలు బెండ్ వీల్ మీద. రెండుసార్లు తప్పాడు. మూడోసారి చివరిదాకా పోయాడు. బస్సు పోయింది.

వాడు వెళ్ళాక ఆ ట్రాక్ తెరిచి చూశాను. వందల కొద్దీ బెండ్ విలువలు, ఒక్కటీ తిన్నటి గీత కాదు. కొన్నిచోట్ల స్వరానికి చేరకముందే ఆగాడు, కొన్నిచోట్ల కాస్త దాటి వెనక్కొచ్చాడు. అందులో ఒక్క విలువ కూడా నేను ముట్టుకోలేదు.

సాయంత్రం గుంటూరు నుంచి మెసేజ్. “టోన్ మాత్రం మార్చు మావయ్యా, ప్లీజ్.”

మార్చాను. గిటార్ నంబరు 28 నుంచి 30కి.